ఎమ్‌జీఏ 1500కి ఏ ఇంజిన్ కట్టించాలి? బెజవాడ ఎండలో నడిపేవాళ్ల కోసం

గుంటూరులో పొగాకు వ్యాపారం చేసిన ఒక కుటుంబం షెడ్డులోంచి నా ఎమ్‌జీఏ 1500ని, అంటే పాతకాలపు బ్రిటిష్ స్పోర్ట్స్ కారుని, తెచ్చుకున్న రోజు, బానెట్ ఎత్తి చూస్తే లోపల ఉన్నది అంబాసిడర్ ఇంజిన్. ఆ ఇంటి పెద్దాయన కాస్త మొహమాటపడ్డారు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే ఈ రెండు ఇంజిన్లదీ ఒకటే పుట్టిల్లు. ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో 1955 నుంచి 1962 దాకా తయారైన ఎమ్‌జీఏలో మొదట పెట్టింది బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బి-సిరీస్ ఇంజిన్, 1,489 సీసీ. మన అంబాసిడర్‌లో పాత సైడ్ వాల్వ్ ఇంజిన్ తీసేసి పెట్టిన ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజిన్ కూడా అదే బి-సిరీస్, అదే 1,489 సీసీ. బోరు (సిలిండరు వెడల్పు) 73 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 88.9 మి.మీ. ఎమ్‌జీఏలో రెండు ఎస్‌యూ కార్బురేటర్లతో మొదట 68 హార్స్‌పవర్, తర్వాత 72. అంబాసిడర్‌లో ఒక్క కార్బురేటరు, నెమ్మదైన క్యామ్ (వాల్వుల్ని తెరిచి మూసే ఇరుసు), యాభై పైచిలుకు.

అంటే ఆటోనగర్‌లో తరం తర్వాత తరం అంబాసిడర్ ఇంజిన్లు విప్పి బిగించిన చేతులకి ఎమ్‌జీఏ ఇంజిన్ కొత్తది కాదు. జాగ్వారో, పోర్షేనో కొనుక్కున్నవాళ్లకి లేని అదృష్టం మనకి ఇక్కడ ఉంది. ఎంపిక చేసుకునేటప్పుడు ఈ సంగతి మర్చిపోకూడదు.

ఈ కారు ఉన్నవాళ్లు నన్ను అడిగేది ఒకటే. ఉన్న 1,489 సీసీ ఇంజిన్నే గట్టిగా కట్టించాలా, దీని తర్వాత వచ్చిన ఎమ్‌జీబీలోని 1800 ఇంజిన్ తెప్పించాలా, లేక హిందుస్థాన్ మోటార్స్ కాంటెస్సా కారులో వచ్చిన జపాన్ ఇసుజు ఇంజిన్ ఎక్కించేయాలా? మొదటి దారిలో నేను ఒకసారి దెబ్బతిన్నాను, రెండోసారి సరిగ్గా కట్టించుకున్నాను. రెండో దారి స్నేహితుడి కారులో మొదటి నట్టు విప్పినప్పటి నుంచి దగ్గరుండి చూశాను. మూడోదాని గురించి నా అభిప్రాయం గట్టిది, కారణాలతో సహా చెబుతాను.

ముందు ఎండ, పెట్రోలు

హార్స్‌పవర్ లెక్కలన్నీ చలిదేశంలో రాసినవి. మన దగ్గర మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలే. రెంటచింతల పేరు వినిపించని వేసవి మనం ఎరగం. పైగా బి-సిరీస్ కట్టుబడిలోనే ఒక ఇబ్బంది ఉంది. కార్బురేటర్లూ, ఎగ్జాస్ట్ మానిఫోల్డూ రెండూ ఇంజిన్‌కి ఒకే పక్కన ఉంటాయి. కాగిపోయే ఇనుము కింద, పెట్రోలు గిన్నెలు పైన. బెంజ్ సర్కిల్ దగ్గర రెండు సిగ్నళ్లు వరుసగా ఆగితే చాలు, ఫ్లోట్ ఛాంబర్‌లో పెట్రోలు ఆవిరై ఇంజిన్ తడబడుతుంది.

పెట్రోలు సంగతి ఇంకా ముఖ్యం. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మామూలు పెట్రోలు ఒక కిలో పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంది కాబట్టి ఈ కలిపిన పెట్రోలుకి సుమారు 13.5 కిలోలు చాలు. పాత కార్బురేటరుకి ఈ తేడా తెలియదు. అది 1950లలో నేర్చుకున్న కొలతే పోస్తుంది. ఫలితంగా మిక్చర్ ఏడెనిమిది శాతం లీన్ అవుతుంది, అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. లీన్ మిక్చర్ వేడిగా మండుతుంది, పిస్టన్ తలని తినేస్తుంది.

ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. ఎమ్‌జీఏ చరిత్రలోనే ఇందుకు సాక్ష్యం ఉంది. 1958లో వీళ్లే ట్విన్ క్యామ్ అని 1,588 సీసీ, 108 హార్స్‌పవర్ ఇంజిన్‌తో ఒక మోడల్ తెచ్చారు. కంప్రెషన్, అంటే పిస్టన్ మిక్చర్‌ని ఎన్ని రెట్లు నొక్కుతుందనే లెక్క, 9.9. పిస్టన్లు వరసపెట్టి కాలిపోయాయి. కంప్రెషన్ 8.3కి తగ్గించినా పేరు దక్కలేదు. 2,111 కార్లతో 1960లోనే ఆపేశారు. చాలా ఏళ్ల తర్వాత బయటపడిన కారణం ఏమిటంటే, కొన్ని ఆర్‌పీఎంల దగ్గర కార్బురేటర్లు అదిరి, మిక్చర్ లీన్ అవడం. ఎక్కువ కంప్రెషన్, లీన్ మిక్చర్, వేడి. ఈ మూడూ కలిస్తే చలిదేశంలో కంపెనీ కట్టిన ఇంజిన్లే నిలవలేదు.

అందుకని నేను ఏ దారినైనా తూచేది ఒకే రాయితో: మే నెల మధ్యాహ్నం, ట్రాఫిక్‌లో, ఈ పెట్రోలుతో అది బతుకుతుందా?

మొదటి దారి: 1,489నే కట్టించడం

ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. అసలు బ్లాకు పాడైపోయినా, అంబాసిడర్ పెట్రోల్ బ్లాకు వెతికితే దొరుకుతుంది. డీజిల్ బ్లాకు జోలికి వెళ్లొద్దు. మీ ఎమ్‌జీఏ ముందు ప్లేటు, వెనక ప్లేటు, సంపు (అడుగున ఉండే నూనె తొట్టి), ఎస్‌యూ కార్బురేటర్లు, మానిఫోల్డు మాత్రం ఎవరికీ ఇవ్వకుండా దాచుకోండి. బ్లాకు ఎక్కడిదైనా అవి ఉంటేనే అది ఎమ్‌జీఏ అవుతుంది.

ఈ దారిలో మొదటిసారి నాకు జరిగింది చెప్పాలి. ఇంజిన్ పని ఒక షాపులో ఇచ్చాను. హెడ్ ఫేసింగ్ (ఇంజిన్ పై మూత అడుగుని చదునుగా చెక్కడం) చేయించాం, పికప్ బాగుంటుందని ఇంకొంచెం ఎక్కువే తీయించాం. ఆ హెడ్‌ని అంతకుముందు ఎన్నిసార్లు ఫేసింగ్ చేశారో ఎవరూ కొలవలేదు. నేనూ అడగలేదు. చలికాలమంతా కారు బ్రహ్మాండంగా లాగింది. మే నెలలో ఒక మధ్యాహ్నం గుంటూరు నుంచి వస్తుంటే కాజ టోల్‌గేటు దాటాక చిన్నగా గలగల మొదలైంది. మంగళగిరి చేరేసరికి వెనక నీలిపొగ. విప్పి చూస్తే మూడో పిస్టన్‌లో పై రింగుకీ, రెండో రింగుకీ మధ్య ఉండే గట్టు ముక్కలై ఉంది. నాకింగ్ (మిక్చర్ తనంతట తానే పేలిపోవడం) వల్ల వచ్చే దెబ్బ అచ్చం అలాగే ఉంటుంది. ఆ పిస్టన్ ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది. తర్వాత హెడ్ కొలిస్తే కంప్రెషన్ పది దాటింది.

కాబట్టి కొలత. దీనికి పెద్ద యంత్రం అక్కరలేదు. హెడ్‌ని వాల్వులు, ప్లగ్గులతో సహా తలకిందులుగా బల్ల మీద సమంగా పెట్టాలి. దహన గది అంచుకి పలచగా గ్రీజు రాసి, మధ్యలో చిల్లి ఉన్న మందపాటి యాక్రిలిక్ ముక్కని అదమాలి. మందుల షాపులో దొరికే 50 ఎంఎల్ సిరంజితో, రంగు కలిపిన కిరసనాయిలు ఆ చిల్లిలోంచి ఎక్కించాలి. ప్లాస్టిక్ కింద ఆఖరి గాలిబుడగ జరిగి జరిగి చిల్లిలోంచి బయటికి పోయిన క్షణాన సిరంజి ఎంత ఖాళీ అయిందో, అదే గది కొలత. నాలుగు గదులూ ఇలాగే. రెండో కట్టుబడిలో నా నాలుగు గదుల మధ్య రెండు సీసీ దాకా తేడా వచ్చింది. చిన్న గదుల్ని మెల్లగా రుద్దుకుంటూ నాలుగింటినీ సమానం చేశాం. ఆ పనికి ఒక ఆదివారం మొత్తం పట్టింది, నేను ఈ కారు మీద పెట్టిన ఆదివారాల్లో అది అన్నిటికంటే విలువైనది.

ఇక లెక్క. కొత్తప్పుడు ఒక్కో సిలిండరు 372 సీసీ, కంప్రెషన్ 8.3. అంటే పిస్టన్ పైకి వచ్చాక మిగిలే చోటు, గది, గ్యాస్కెట్ మందం అన్నీ కలిపి, 51 సీసీ. సిలిండర్లని నలభై థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) రీబోర్ చేయించి వెడల్పు చేస్తే ఒక్కోటి 383 సీసీ అవుతుంది, మొత్తం 1,531. మిగిలే చోటు అంతే ఉంటే, హెడ్ ముట్టుకోకుండానే కంప్రెషన్ 8.5కి చేరింది. 9 కావాలంటే ఆ చోటుని 48 సీసీకి తేవాలి, అంటే మూడు సీసీ తగ్గిస్తే చాలు. నేను అక్కడే ఆగాను, మిమ్మల్నీ అక్కడే ఆగమంటాను. ఇథనాల్ వల్ల పెట్రోలు ఆక్టేన్ పెరిగిన మాట నిజమే, దాన్ని నమ్ముకుని 9.5కి వెళ్లినవాళ్లూ ఉన్నారు. నేను ఆ లాభాన్ని ఎండ కోసం వదిలిపెట్టాను.

రీబోర్ నలభై థౌ దగ్గర ఆపడానికీ కారణం ఇదే. అరవై దాకా వెళ్లొచ్చు, కానీ పాత బ్లాకుల్లో నీళ్ల వైపు తుప్పు ఎంత తినేసిందో బయటికి కనిపించదు. గోడ మరీ పలచబడితే వేడికి సిలిండరు గుండ్రం తప్పుతుంది.

బ్యాలెన్సింగ్ మాత్రం వదలొద్దు. పిస్టన్లు తిప్పే ఇరుసు, అదే క్రాంక్, దానికి ఇందులో మూడే మెయిన్ బేరింగులు. ఆర్‌పీఎం పెరిగితే అది మధ్యలో వంగుతుంది. పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు బరువులు సమానం చేయడానికి నేను వన్‌టౌన్‌లో బంగారం పని చేసే మా బావ తక్కెడ తెచ్చుకున్నాను. నాలుగు రాడ్లూ ఒకే సెట్టు అనుకున్నవి, తూస్తే ఎనిమిది గ్రాముల తేడా. బరువైనవాటిని చివర్ల దగ్గర పట్టుకుని రుద్ది, గ్రాము లోపుకి తెచ్చాం. రాడ్డు పెద్ద చివర ఒకసారి, చిన్న చివర ఒకసారి, విడివిడిగా తూచాలి. మొత్తం బరువు ఒక్కటే సరిచూస్తే సగం పనే అయినట్టు. తర్వాత క్రాంక్, ఫ్లైవీల్, క్లచ్ కవరు కలిపి డైనమిక్ బ్యాలెన్సింగ్. అయినా 5,500 దాటించొద్దు.

ఇంకొకటి, ఎగ్జాస్ట్ వాల్వులకి గట్టి సీటు రింగులు తప్పనిసరి. ఈ ఇంజిన్ పుట్టినప్పుడు పెట్రోలులో ఉన్న సీసం వాల్వు సీట్లని కాపాడేది. మన దేశంలో సీసం పెట్రోలు 2000 సంవత్సరంతో పోయింది. అసలు ఇనుప సీట్లతో హైవే మీద నడిపితే వాల్వు కొద్దికొద్దిగా లోపలికి దిగిపోతుంది. లారీ హెడ్లకి సీట్లు దించే ఏ షాపైనా ఈ పని చేయగలదు.

ఇలా కట్టిన ఇంజిన్, ఎమ్‌జీఏ 1600లో కంపెనీయే ఇచ్చిన ఎనభై హార్స్‌పవర్‌కి దగ్గరగా వెళ్తుంది. కారు బరువు తొమ్మిది వందల కిలోల చిల్లరే కాబట్టి అది చిన్నది కాదు. ఉదయం ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి వైపు తిరిగి మూడో గేరులో పూర్తిగా తొక్కితే మీకే తెలుస్తుంది.

రెండో దారి: ఎమ్‌జీబీ 1800

నిజంగా పెర్ఫార్మెన్స్ కావాలనుకునేవాళ్లకి, ఓపిక, డబ్బు రెండూ ఉంటే, ఇదే సరైనది. ఇందులో నాకు సందేహం లేదు. 1,798 సీసీ, 95 హార్స్‌పవర్. కానీ చూడాల్సిన అంకె అది కాదు, టార్క్. ఎమ్‌జీఏ 1500 సుమారు 104 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, అదీ 3,500 ఆర్‌పీఎం దగ్గర. ఎమ్‌జీబీ ఇంజిన్ 149 ఇస్తుంది, 3,000 దగ్గరే. అంటే తక్కువ తిప్పి ఎక్కువ లాగించొచ్చు. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గేరు దించాల్సిన పనే ఉండదు. నెమ్మదిగా తిరుగుతూ లాగే ఇంజిన్ ఎండలో కూడా నెమ్మదిగానే ఉంటుంది.

ఇందులోనూ రెండు రకాలు. 1964 అక్టోబరు దాకా వచ్చినవాటికి మూడు మెయిన్ బేరింగులు, తర్వాతవాటికి ఐదు. మూడు బేరింగులది ఎమ్‌జీఏ ముందు ప్లేటు మార్చుకుంటే దాదాపు నేరుగా కూర్చుంటుంది. ఐదు బేరింగులదానికి వెనక ప్లేటు, గేర్‌బాక్స్ షాఫ్టు కొస కూర్చునే బుష్ దగ్గర లేత్ పని ఉంటుంది. అయినా ఐదు బేరింగులదే తీసుకోండి. ఆ లేత్ పని మన ఊళ్లో ఒక వారం. వంగని క్రాంక్ జన్మంతా ఉంటుంది. ఎమ్‌జీఏ టాకోమీటరు (ఆర్‌పీఎం చూపించే మీటరు) క్యామ్ నుంచి తీగతో తిరిగేది, ఎమ్‌జీబీ బ్లాకు మీద దానికి చోటు దొరక్కపోతే మీటరు లోపలి భాగం ఎలక్ట్రానిక్‌కి మార్చుకోవాలి. డయల్ మొహం అలాగే ఉంచొచ్చు.

ఈ ఇంజిన్‌ని బోరు పెంచి 1,950 సీసీ చేయించమని చాలామంది ఊరిస్తారు. అందుకు బోరు 83.57 మి.మీ.కి తీయాలి, 130 థౌ అన్నమాట. చలిదేశంలో అది చక్కగా నడుస్తున్న మాట నిజం. ఇక్కడ మాత్రం అరవై థౌ, అంటే 1,868 సీసీ దగ్గర ఆపండి. సిలిండర్ల మధ్య ఇనుము ఎంత ఎక్కువ మిగిలితే హెడ్ గ్యాస్కెట్ అంత కాలం ఉంటుంది.

దీనితో పాటు డిఫరెన్షియల్ కూడా ఆలోచించండి. ఎమ్‌జీఏ 1500లో దాని గేర్ల నిష్పత్తి 4.3. గంటకి 100 కిలోమీటర్ల దగ్గర ఇంజిన్ సుమారు 3,600 తిరుగుతూ చెవులు హోరెత్తిస్తుంది. తొలి ఎమ్‌జీబీల్లోని 3.9 గేర్లు ఎమ్‌జీఏ యాక్సిల్‌లో కూర్చుంటాయి, ఆర్‌పీఎం 3,300కి దిగుతుంది. 1800 ఇంజిన్‌కి ఆ బలం ఉంది. 1,489కి మాత్రం 4.3 మార్చొద్దు, నాలుగో గేరులో చచ్చుబడిపోతుంది.

కష్టం ఎక్కడంటే విడిభాగాల రాక. పిస్టన్లు, బేరింగులు, గ్యాస్కెట్లు బ్రిటన్‌లో ఇప్పటికీ తయారవుతున్నాయి, కానీ ఒక చిన్న సీలు మర్చిపోతే మళ్లీ ఆర్డరు, మళ్లీ కస్టమ్స్, మళ్లీ నిరీక్షణ. మా స్నేహితుడి కారు అలా ఒక వెనక సీలు కోసం రెండు నెలలు స్టాండ్ల మీదే ఉంది. ఇంజిన్ విప్పి, కొలిచి, జాబితా రాసి, ఒక్కసారే తెప్పించండి.

మూడో దారి: ఇసుజు

కాంటెస్సాలో, 1990లలో అంబాసిడర్‌లో వచ్చిన ఇసుజు 1,817 సీసీ మంచి ఇంజిన్. ఓవర్‌హెడ్ క్యామ్, అయిదు గేర్ల బాక్సు. రోజూ నడిపే పాత అంబాసిడర్‌కి నేనే సిఫారసు చేస్తాను. ఎమ్‌జీఏకి మాత్రం వద్దంటాను. కొత్త మౌంట్ల కోసం చాసిస్ మీద వెల్డింగ్ పడుతుంది, గేర్‌బాక్స్ కోసం కారు లోపలి ఇనుము కదపాలి. అలా చేసిన కారుని మళ్లీ వెనక్కి తేవడం కష్టం. ఆ ఇంజిన్ విడిభాగాలూ ఏటేటా తగ్గిపోతున్నాయి.

కాగితాల సంగతి కూడా ఉంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటిన కారుకి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషన్ వస్తుంది. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లకి చెల్లుతుంది, తిరిగి చేయించడానికి 5,000. షరతు ఏమిటంటే చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పు లేకుండా అసలు రూపంలో ఉండాలి. జపాన్ ఇంజిన్ ఎక్కిస్తే ఆ తలుపు మూసుకున్నట్టే. (ఆ రిజిస్ట్రేషన్‌తో కారుని రోజూ వాడుకోకూడదు, అదీ గుర్తుంచుకోండి.) మామూలు రిజిస్ట్రేషన్‌లో ఉంచుకున్నా, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. బ్లాకు మార్చే ముందే ఆర్టీవో ఆఫీసులో అనుమతి, తర్వాత కొత్త ఇంజిన్ నంబరు ఆర్సీలో ఎక్కించుకోవడం, ఈ రెండూ మొదటి రెండు దారులకీ వర్తిస్తాయి.

సూపర్‌ఛార్జర్ గురించి అడిగేవాళ్లకి ఒక్క మాట. లోపలికి వెళ్లే గాలిని ఇంకా వేడి చేసే వస్తువు మన ఊరికి పనికిరాదు.

క్యామ్, కార్బురేటర్లు, చల్లదనం

మొదటి రెండు దారుల్లో ఏది పట్టినా ఇవి ఒకటే. బి-సిరీస్ హెడ్‌లో నాలుగు సిలిండర్లకి రెండే ఇన్‌టేక్ పోర్టులు. ఒకటీ రెండూ కలిసి ఒక దాని నుంచి, మూడూ నాలుగూ కలిసి ఇంకో దాని నుంచి పీలుస్తాయి. ఓవర్‌ల్యాప్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ తెరిచి ఉండే సమయం) ఎక్కువున్న రేసు క్యామ్ వేస్తే పక్కపక్క సిలిండర్లు ఒకదాని మిక్చర్ ఒకటి లాక్కుంటాయి, ఒకటి రిచ్ (పెట్రోలు ఎక్కువ), ఒకటి లీన్. లీన్ అయినదాన్ని ముందు కాల్చేది మన ఎండే. అందుకే మెత్తటి ఫాస్ట్ రోడ్ క్యామ్ చాలు. పెద్ద వెబర్ కార్బురేటరు బదులు రెండు ఎస్‌యూలే ఉంచండి. ఎస్‌యూలో జెట్ నట్టు తిప్పి మిక్చర్ రిచ్ చేసుకోవచ్చు, అది చాలకపోతే ఒక మెట్టు రిచ్ సూది. పెట్రోలు పైపులు, సీళ్లు ఇథనాల్‌ని తట్టుకునే రకం వేయండి. పాత రబ్బరు లోపల కరిగి ఫ్లోట్ సూది దగ్గర నల్లగా పేరుకుంటుంది.

ప్లగ్గులు విప్పి చూడటం మానొద్దు. హైవే మీద ఒక పది కిలోమీటర్లు సమవేగంతో వెళ్లి, ఇంజిన్ ఆపి, నాలుగూ విప్పండి. పింగాణీ బిస్కెట్ రంగులో ఉండాలి. తెల్లగా సున్నంలా ఉంటే వెంటనే రిచ్ చేయండి.

రేడియేటరు ఇత్తడిదే ఉంచి, కోర్ మాత్రం ఒక వరస ఎక్కువతో కొత్తది వేయించండి. కార్బురేటర్ల కింద హీట్ షీల్డు, ముందు ఎలక్ట్రిక్ ఫ్యాను. మన మేస్త్రీల్లో కొందరు హీటెక్కుతోందంటే ముందు థర్మోస్టాట్ పీకేస్తారు. ఎమ్‌జీఏకి ఆ పని చేయనివ్వకండి. అసలు థర్మోస్టాట్‌కి బైపాస్‌ని మూసే గొట్టం లాంటి అంచు ఉంటుంది, అది లేకపోతే నీళ్లు రేడియేటరుకి వెళ్లకుండా అడ్డదారిన తిరిగేస్తాయి. 74 డిగ్రీలది వేయించండి.

నేనైతే

ఆదివారం ఉదయాలు, అప్పుడప్పుడూ గుంటూరు దాకా వెళ్లిరావడం, వింటేజ్ రిజిస్ట్రేషన్ ఆశ. ఇదీ మీ వాడకం అయితే 1,489నే కట్టించండి. డబ్బు బోరింగ్, బ్యాలెన్సింగ్, వాల్వు సీట్ల మీద పెట్టండి, మిగిలితే క్యామ్. కారుని హైదరాబాద్, వైజాగ్ దాకా తోలుకెళ్లాలనుకుంటే ఐదు బేరింగుల 1800 తెప్పించి, అసలు ఇంజిన్‌కి నూనె పట్టించి నంబరుతో సహా షెడ్డులో భద్రంగా దాచండి. రేపు ఎవరైనా మళ్లీ అసలు రూపం కావాలంటే అది అక్కడ ఉండాలి.

పని దసరాకి మొదలుపెడితే సంక్రాంతికి ఇంజిన్ తిరుగుతుంది, రన్నింగ్-ఇన్‌కి చల్లటి రోజులు దొరుకుతాయి. కొత్త క్యామ్ అయితే మొదటిసారి స్టార్ట్ చేసిన వెంటనే ఐడిల్‌లో వదలకుండా, ఇరవై నిమిషాలు 2,000 ఆర్‌పీఎంకి తగ్గనివ్వకూడదు. అప్పుడే క్యామ్, ట్యాపెట్లు ఒకదానికొకటి ఒరుసుకుని కుదురుకుంటాయి. జింక్ తగినంత ఉన్న 20డబ్ల్యూ-50 నూనె పోయండి. ఆ నూనె వేడిగా ఉండగానే దించి, ఫిల్టరు కోసి, మడతలు వెలుగులో విప్పి చూడండి. మెరుగు పొడి కొంచెం ఉంటుంది, అది సహజం. గోటికి తగిలే ముక్క ఉంటే మాత్రం మళ్లీ స్టార్ట్ చేయకండి, సంపు దించండి.